చెప్పకూడని మేకు

వరండాలో గోనెపట్టా పరుచుకుని ఎల్లారావు మిషను రంపం గొలుసుకి పదును పెడుతున్నాడు. గుండ్రటి ఆకురాయి ఒక్కో పన్ను మీద ముందుకే పోతుంది, వెనక్కి రాదు. పెళ్ళికూతురికి గోళ్ళు తీస్తున్నంత ఓపిక. ఆ మాట అని తాయారు మొగుణ్ణి ఎన్నోసార్లు ఏడిపించింది. ఆ పొద్దున మాత్రం ఆమెకి ఏడిపించే తీరిక లేదు. రాత్రి వానకి గుమ్మంలోకి వచ్చిన నీళ్ళని చెంబుతో తోడి సందులోకి ఎత్తి పోస్తోంది.

గాజువాకలో ఆ సందుకి రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది పరిచారు. ఒకప్పుడు ఇళ్ళలోకి మెట్లెక్కి వెళ్ళేవారు. ఇప్పుడు దిగి వెళ్తున్నారు. వాన నీళ్ళు ముందు ఇళ్ళు చూసుకుని, తర్వాత కాలవకి పోతున్నాయి. మొదట్లో అందరూ తిట్టుకున్నారు. తర్వాత గుమ్మాలకి ఇసక బస్తాలు అడ్డం వేసుకుని ఆ సంగతే మరిచిపోయారు.

"రేపు పొద్దున్న మరిడమ్మ సింత కొట్టేత్తన్నాం" అన్నాడు ఎల్లారావు, గొలుసు మీంచి కళ్ళెత్తకుండా.

తాయారు చేతిలో చెంబు గాల్లోనే ఆగిపోయింది.

కొట్టాల్సిన చెట్టేనని ఆమెకీ తెలుసు. సందు చివర ఉన్న ఆ చింతకి కాలవ తవ్వినప్పుడు ఒక పక్క వేళ్ళు తెగిపోయాయి. మొదలు దగ్గర తొర్ర పడింది. మొన్నటి గాలివానకి అంగన్‌వాడీ రేకుల మీదకి ఒరిగి నిలిచింది. తీగలకి అడ్డమని కరెంటువాళ్ళు కొమ్మలన్నీ కోసుకుపోయాక మోడు ఒక్కటీ మిగిలింది. గాలి వీస్తే అది మొదలంటా కదులుతోంది. పిల్లల్ని పంపడం తల్లులు మానేశారు. చెట్టు కింద మరిడమ్మ రాయిని పెద్దలు పూజ చేసి మూడు రోజుల కిందటే గుడిసెలాంటి చిన్న పందిట్లోకి మార్చారు. వార్డు ఆఫీసు నుంచి అనుమతీ వచ్చింది.

"ఎంతెత్తులో కోత్తావు?" అంది తాయారు. గొంతు మామూలుగా ఉండాలని చాలా జాగ్రత్తపడింది.

ఎల్లారావు ఆశ్చర్యంగా చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు.

"మొదలుకాడ కొయ్యడానికి లేదు, అంతా తొర్ర. ఎక్కి ముక్కలుగా దింపుదావంటే కదిలే సెట్టు మనిషిని మొయ్యదు. నడుం ఎత్తులో కర్ర గట్టిగా ఉంది. అక్కడే కొయ్యాలి. ఏం?"

"ఊరికే."

హుద్‌హుద్ తుపాను విశాఖలో సగం చెట్లని పడగొట్టిన ఏడు ఎల్లారావు ఈ మిషను కొన్నాడు. అప్పటిదాకా గొడ్డలి పనే. మిషనొచ్చాక పని పెరిగింది, దానితో పాటు తాయారుకి భయం పెరిగింది. అతను మాత్రం రంపం పట్టుకుంటే పూజారి హారతి పళ్ళెం పట్టుకున్నంత పద్ధతిగా ఉంటాడు. తాగి ముట్టడు. తోడు లేకుండా ముట్టడు. మిషను తిరుగుతున్నప్పుడు వెనక నుంచి ఎవరూ దగ్గరికి రాకూడదు, ఏదైనా చెప్పాలంటే దూరంగా ఎదురొచ్చి చెయ్యెత్తాలి. ఆ మాట ఇంట్లో కూడా ఎన్నిసార్లు చెప్పాడో.

అంతలో సందులో మోటారు సైకిలు ఆగింది. వెనక సీటు నిండా మోకులు వేసుకుని రత్నరాజు దిగాడు. పోర్టులో సరుకు కట్టే పని నేర్చిన మనిషి, ఎల్లారావుకి జోడీ. కులం వేరు, అతనిది చర్చి. అయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు. ఆ లెక్కన తాయారు అతనికి చెల్లెలు.

"ఏం సెల్లెమ్మా, ఇంట్లోనే సేపల సెరువు పెట్టీసినావేటి!"

"నవ్వన్నయ్యా, నవ్వు. మీ ఈదిలోనూ రోడ్డేత్తారు. అప్పుడు నాను వలట్టుకుని వత్తాను."

రత్నరాజు నవ్వాడు. నవ్వితే అతని మొహంలో ఎడమ సగమే నవ్వుతుంది. కుడి పక్క పెదవి చివర నుంచి చెవి దాకా తెల్లటి మచ్చ, గట్టిగా కుట్టిన గోనెసంచి మూతిలా ఉంటుంది. మిషను కొన్న కొత్తలో గోపాలపట్నంలో అతను ఒక బాదం చెట్టు కోస్తుంటే జరిగింది అది. ఎప్పుడో ఎవరో దుకాణం బోర్డుకి కొట్టిన మేకు చెట్టు లోపలికి పోయి ఉంది. గొలుసు దానికి తగిలి, మిషను ఎగిరి, తెగిన గొలుసు మొహం మీదకి వచ్చింది. అప్పటి నుంచి రత్నరాజు మోకులు చూసుకుంటాడు. రంపం ఎల్లారావుదే.

"సెట్టుకి బోర్డులు గట్రా ఏటైనా ఉన్నాయేమో సూసినావా బావా?" అడిగాడతను, చెయ్యి దానంతటదే చెంప మీదకి పోతుండగా.

"అమ్మోరి సెట్టుకి బోర్డెవుడు కొడతాడురా? అయినా స్పీకరు అయస్కాంతం పెట్టి సుట్టూ సూసినాను. ఎక్కడా అంటుకోలేదు. సుబ్బరంగా ఉంది."

తాయారు చెంబు కింద పెట్టేసింది.

చెట్టు శుభ్రంగా లేదు. ఆ సంగతి సందులో ఆడవాళ్ళందరికీ తెలుసు, ఒక్క మగవాడికీ తెలియదు.

*

రత్నరాజుకి దెబ్బ తగిలిన వారం తాయారుకి నిద్ర లేదు. కళ్ళు మూస్తే ఆ కుట్ల మొహం ఎల్లారావుదైపోయేది. అప్పుడే ఎదురు వరసలో ఉండే ఎర్నమ్మ మామ్మ ఆమె చేతిలో ఒక మేకు పెట్టింది. అది ఆ వీధి ఆడవాళ్ళలో తరాల నుంచి ఉన్న మొక్కు. మంగళవారం మిట్టమధ్యాహ్నం తలస్నానం చేసి, తడి చీరతో చెట్టు దగ్గరికి వెళ్ళాలి. ఎవరి కోసమో వాళ్ళని తలుచుకుని చెట్టుకి నుదురు ఆనించాలి. నుదురు తగిలిన చోట మేకు దిగగొట్టాలి. తల కూడా కనిపించకుండా బెరడులోకి పోయేదాకా కొట్టి, పైన పసుపు ముద్ద మెత్తాలి. ఇక ఆ మేకు అమ్మవారి చేతిలో ఉన్నట్టు. ఒక్కటే కట్టు. ఎవరితోనూ చెప్పకూడదు. చెప్తే మేకు ఊడినట్టే.

తాయారు అలాగే కొట్టింది. ఆ రంపం తన మొగుణ్ణి ఏమీ చెయ్యకూడదని మొక్కుకుంది. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఎల్లారావు వేలికి గీత పడలేదు. చెట్టు లావెక్కి మేకుని మింగేసింది. అయస్కాంతానికి కూడా అందనంత లోపల దాచుకుంది.

మధ్యాహ్నం తాయారు ఎర్నమ్మ ఇంటికి వెళ్ళింది. ఆ ఇల్లు చెట్టుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పాత పెంకుటిల్లు. సందులో అందరూ ఎంతో కొంత మట్టి పోయించుకుని వాకిళ్ళు ఎత్తు చేసుకున్నారు గానీ, ఎర్నమ్మ పోయించుకోలేదు. ఆమె వాకిట్లోకి గోతిలోకి దిగినట్టు దిగాలి. ముసలావిడ చాటలో ఎండు రొయ్యలు వేసుకుని తలలు తుంచుతోంది.

"మామ్మా, రేపు సెట్టు కొట్టేత్తన్నారు."

"ఇన్నాను. కొట్టనీ. పడి పిల్లల్ని మింగీడం కన్నా మేలే గదా."

"అందులో మేకులున్నాయి గదా. ఎవులి మేకు ఏ ఎత్తులో ఉందో!"

ఎర్నమ్మ చేతులు ఆగాయి. సందు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఆ మాట నోట్లోంచి రాకూడదని సెప్పినానా, లేదా?"

"సెప్పినావు. రంపానికి మేకు తగిల్తే ఏటవుద్దో రత్నరాజన్నయ్య మొకం సెప్తన్నాది. నానా మేకు కొట్టింది ఎందుకో నీకు తెలుసు. ఇప్పుడా మేకే ఆయనకి అడ్డం పడితే?"

"సెప్తే ఊడిపోద్దే. ఊడిపోయినాక మిషను అట్టుకుంటే?" ముసలావిడ కళ్ళు చిన్నవయ్యాయి. "ఇది నాను పెట్టిన కట్టు కాదు. మా అత్త నాకు సెప్పింది. దాని అత్త దానికి సెప్పింది."

తాయారు చాట లోంచి ఒక రొయ్య తీసుకుని, ఏం చేస్తోందో తెలియకుండానే తల తుంచింది. ఆమె భక్తిలో లోటు లేదు. మంగళవారం ఉపవాసం, శుక్రవారం దీపం, ఏడాదికోసారి సింహాచలం మెట్లు, ఏదీ తప్పలేదు. అందుకేనేమో, లోపల ఒక ప్రశ్న మెల్లగా కదిలింది. చెప్పొద్దన్నది అమ్మవారా, అత్తలా? బిడ్డ ప్రాణం మీదకి వచ్చినా నోరు మూసుకోమనే తల్లి ఉంటుందా? ప్రశ్న కదలగానే భయం వేసి లెంపలు వేసుకుంది.

"నోటితో సెప్పకపోతే?" అంది కాసేపటికి.

"మరి దేనితో సెప్తావు, కాలితోనా?"

"పసుపుతో. సెట్టు కొట్టే ముందురోజు సాగనంపాలి గదా. అందులో ఉన్న పిట్టకీ, పురుక్కీ, అమ్మకీ సెప్పుకోవాలి. అందరం ఎల్లి నుదురానించి, ఆనిన కాడ బొట్టెడదాం. ఎవులూ మాటాడొద్దు. బొట్లున్న కాడ రంపం ఎట్టొద్దని నాను మావకి సెప్తాను. ఎందుకో సెప్పను."

ఎర్నమ్మ చాలాసేపు రొయ్యలు తుంచింది.

"అమ్మోరికి బొట్టెడితే తప్పని ఎవులంటారులే" అంది చివరికి. "ఎల్లి సాయిదుర్గతో సెప్పు. అది మిగతావోల్లకి సెప్తాది. దానికి సెల్‌ఫోన్ అక్కర్లేదు, నోరుంది."

*

సాయంత్రం ఎండ పచ్చబడే వేళకి సందులో ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెట్టు దగ్గరికి వచ్చారు. పళ్ళేల్లో పసుపు, కుంకం, అరటిపళ్ళు. కొత్తగా కాపరానికి వచ్చిన పిల్ల దగ్గర నుంచి, కర్ర పట్టుకు నడిచే ఎర్నమ్మ దాకా. ఒక్కొక్కరూ మోడుకి నుదురు ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఆనించిన చోట పసుపు రాసి బొట్టు పెట్టారు. చెట్టుకి దణ్ణం పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళు కొందరు. మేకున్నవాళ్ళు కొందరు. ఎవరు ఎవరో అడగలేదు. సాయిదుర్గ అంతసేపు మాట్లాడకుండా ఉండడం అందరూ మొదటిసారి చూశారు.

తాయారు కూడా నుదురు ఆనించింది. బెరడు ఆనాడు ఎలా ఉందో ఇవాళా అలాగే గరుగ్గా తగిలింది. అమ్మా, చెప్పడం లేదు, చూపిస్తున్నాను, అంతే, అనుకుంది.

అంగన్‌వాడీ గోడకి ఆనుకుని ఎల్లారావు, రత్నరాజు ఇదంతా చూస్తున్నారు.

"ఏటే ఇది, సెట్టుకి సీమంతమేటి?" అన్నాడు ఎల్లారావు, భార్య దగ్గరికి రాగానే.

"ఆ బొట్లున్న కాడ రంపం ఎట్టకు మావా."

"ఎందుకు?"

"అడక్కు."

"అడక్కంటే?"

"అడక్కంటే అడక్కనే."

ఎల్లారావు ఏదో అనబోయాడు. రత్నరాజు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. మచ్చ ఉన్న చెంప ఒక్కసారి బిగుసుకుంది. ఆడవాళ్ళు నుదురు ఆనించడం, ఆనిన చోటే బొట్టు పెట్టడం, తాయారు మొహం. అతనికి సగం అర్థమైంది. మిగతా సగం అతని చెంపకి గుర్తుంది.

"అడక్కు బావా" అన్నాడు నెమ్మదిగా. "మా ఆవిడా కొన్ని సెప్పదు. బతికిపోతన్నాను."

ఇద్దరూ చెట్టు చుట్టూ తిరిగి చూశారు. బొట్లన్నీ తల ఎత్తునా, మెడ ఎత్తునా ఒక వడ్డాణంలా ఉన్నాయి. కింద తొర్ర. రెంటికీ మధ్య, నడుం ఎత్తులో, ఒక్క బొట్టు లేని కర్ర.

"సెట్టెదిగితే అవి పైకి పోవా?" అడిగాడు రత్నరాజు. 'అవి' అంటే ఏమిటో ఇద్దరూ అనలేదు.

"సెట్టు సివర ఎదుగుద్ది గాని మొదలు సాగదు. లావవుద్దంతే. కొట్టింది కొట్టిన ఎత్తులోనే ఉంటాది." ఎల్లారావు నడుం ఎత్తులో సుద్దముక్కతో గీత గీశాడు. "నాను ఎలాగూ ఇక్కడే కోద్దావనుకున్నాను. అమ్మ దయ, అడ్డం లేదు."

ఆ రాత్రి తాయారు చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది.

*

పొద్దున్నే గాలి లేదు. గాలి లేని రోజు కోసమే ఎల్లారావు ఆగాడు.

మోడు పడాల్సింది అంగన్‌వాడీ మీదకి కాకుండా, దాని పక్కనున్న ఖాళీ స్థలంలో. రత్నరాజు మోడు పై భాగానికి మోకు ముడేసి, దాని రెండో కొసని స్థలం ఆ చివర, చెట్టు పొడవుకి దూరంగా, సిమెంటు దిమ్మకి కట్టిన చైన్‌బ్లాకు కప్పీకి తగిలించి బిగించాడు. పడే వైపు ముందు నోరు తెరిచినట్టు ఒక గాటు. తర్వాత వెనక నుంచి కోత. రెంటికీ నడుమ తలుపు బందులా ఒక బద్ద మిగలాలి. ఆ బద్దే చెట్టుని పట్టుకుని వంచి పడేస్తుంది. ఇదంతా ఎల్లారావు రత్నరాజుకి ప్రతి చెట్టు దగ్గరా, తెలియని మనిషికి చెప్పినట్టే చెప్తాడు. చెట్టు కదలగానే తను తప్పుకోవడానికి వెనక ఏటవాలుగా ఉన్న దారిలో రాళ్ళూ రప్పలూ ఏరించాడు. నెత్తిన హెల్మెట్టు, చెవులకి మూతలు. కళ్ళకి అడ్డంగా జాలీ ముసుగు ఉంది గానీ, చెమట పడుతుందని దాన్ని ఎప్పటిలాగే పైకి నెట్టేశాడు.

సందుకి అడ్డంగా తాడు కట్టి జనాన్ని దూరంగా నిలబెట్టారు. ఆడవాళ్ళని ఎర్నమ్మ వాకిట్లోకి పంపారు. తాయారు అందరి కన్నా వెనకగా, ఆ గోతిలాంటి వాకిట్లోకి దిగి, గుమ్మం స్తంభాన్ని పట్టుకుని నిలబడింది.

మిషను ఒకసారి దగ్గి, గర్జించింది. ఎల్లారావు చెట్టుకి తల వంచి, పడే వైపుకి వెళ్ళి, ఖాళీ స్థలం కనపడేలా పక్కగా నిలబడి రంపం ఆనించాడు. పసుపు రంగు పొట్టు చిమ్మింది. పచ్చి చింత కర్ర పుల్లటి వాసన సందంతా పరుచుకుంది.

తాయారు ఆ రంపాన్నే చూస్తోంది. కళ్ళు పక్కకి తిప్పితే ఏదైనా జరుగుతుందేమోనని చూస్తోంది. చూస్తూ చూస్తూ ఉండగా ఆమెకి ఏదో తేడాగా తోచింది. రంపం ఎల్లారావు నడుం ఎత్తున ఉంది. కానీ తను దాన్ని తల వంచి చూడడం లేదు. ఎదురుగా చూస్తోంది. సరిగ్గా తన కళ్ళకి ఎదురుగా. ఇంకొంచెం పైన, తన నుదుటికి ఎదురుగా.

ఆమె తల దించి కాళ్ళ కింద నేల చూసింది. ఎర్నమ్మ మట్టి పోయించని వాకిలి. ఆనాడు మంగళవారం మధ్యాహ్నం తడి చీరతో తను ఈ వాకిట్లోంచే, ఒక్క మెట్టయినా ఎక్కకుండా, నేరుగా చెట్టు దగ్గరికి నడిచి వెళ్ళింది.

చెట్టు ఎదగలేదు. నేల ఎదిగింది.

నిన్న అందరూ రోడ్డు మీద నిలబడి నుదురు ఆనించారు. మేకులు బొట్ల దగ్గర లేవు. వాటికి మోకాలెత్తు కిందకి ఉన్నాయి. రంపం పెట్టొద్దని పసుపు రాసి, మేకుల మీదకి పోయే రంపానికి అడ్డం లేదని తామే చెప్పారు.

"మావా!"

మిషను మోతలో ఆ కేక పక్కనున్న సాయిదుర్గకే సరిగ్గా వినపడలేదు. తాయారు మెట్టెక్కి, తాడు కింద నుంచి దూరింది. వెనక నుంచి వెళ్ళకూడదు, ముట్టుకోకూడదు. ఎదురు వెళ్ళాలి. ఆమె అంగన్‌వాడీ గోడ చుట్టూ తిరిగి, చెట్టు పడాల్సిన ఖాళీ స్థలంలోకి పరుగెత్తింది. రత్నరాజు చైన్‌బ్లాకు దగ్గర నుంచి "సెల్లీ! ఎనక్కి! ఎనక్కెల్లు!" అని అరుస్తున్నాడు. ఆమె మోకు కింద నిలబడి రెండు చేతులూ ఎత్తింది.

ఎల్లారావు చూశాడు. గొలుసు ఆగింది. మిషను ఆగింది. సందంతా ఒక్కసారి చెవుడు వచ్చినట్టయింది.

"సచ్చిపోతావే! బుద్దుందా నీకు? ఎక్కడ నిలబడినావో తెల్సా?"

తాయారుకి ఊపిరి అందడం లేదు. తాడు అవతల సందు సందంతా ఆమెనే చూస్తోంది. ఎర్నమ్మ కర్ర పట్టుకుని మెట్టు దాకా వచ్చి నిలబడింది. ముసలావిడ తల అడ్డంగా, చాలా చిన్నగా ఊపడం తాయారుకి కనిపించింది.

బొట్టు పెట్టి చూపించే వీలు ఇప్పుడు లేదు. చెయ్యి చూపిస్తే ఎందుకంటాడు. అడక్కంటే ఈసారి ఆగడు.

"అక్కడ మేకుంది మావా" అంది. "నా మేకు. నానే కొట్టినాను."

ఎల్లారావు మిషను నేల మీద పెట్టాడు.

"బొట్లు పైనున్నాయి గదే?"

"అప్పుడు రోడ్డు లేదు. ఎర్నమ్మ మామ్మ వాకిలుంది సూడు. నేలంతా ఆ ఎత్తే."

రత్నరాజు ముందుగా కదిలాడు. చైన్‌బ్లాకుని బిగింపు మీదే వదిలి, సన్నతాడు ఒకటి తెచ్చి, దాని కొస తాయారు చేతిలో పెట్టాడు. ఆమె మళ్ళీ ఎర్నమ్మ వాకిట్లోకి దిగి, తాడు కొసని నుదుటికి ఆనించుకుంది. అతను రెండో కొసని చెట్టు దాకా లాగి, తాపీవాడి మట్టంగొట్టంతో సరిచూసి, మోడుకి ఆనించాడు.

రంపం పెట్టిన గాటుకి వేలెడు కింద.

ఎల్లారావు ఉలి తీసుకుని అక్కడ చెక్కాడు. బెరడు పోయింది, తెల్ల కర్ర పోయింది. ఎర్ర కర్రలో నల్లగా ఒక మరక కనిపించింది. మరక మధ్య ఉలి టంగుమంది. గాటు నోరు తెరవడానికి రెండో కోత కింద వేస్తే గొలుసు నేరుగా దాని మీదకే వచ్చేది. రత్నరాజు వంగి చూశాడు. చెంప తడుముకుంటూ లేచి, కాస్త దూరం వెళ్ళి, ఎవరికీ కనపడకుండా సిలువ గుర్తు వేసుకున్నాడు.

అది తాయారు మేకేనో, కాదో చెప్పడానికి లేదు. తుప్పు పట్టిన మేకులన్నీ ఒకటే.

అప్పుడు సాయిదుర్గ వాకిట్లో తాయారు పక్కకి వచ్చి నిలబడింది. ఏమీ అనకుండా తాడు తీసుకుని తన నుదుటికి ఆనించుకుంది. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. రత్నరాజు చెట్టు చుట్టూ తిరుగుతూ సుద్దతో గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. నోరు విప్పినవాళ్ళు లేరు. వాళ్ళ మొక్కులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. చెప్పింది తాయారు ఒక్కతే.

ఎర్నమ్మ ఆమె దగ్గరికి వచ్చింది.

"సెప్పీసినావు."

"సెప్పీసినాను మామ్మా."

ముసలావిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

*

మేకులన్నీ కిందే ఉన్నాయి కనక, ఇక బొట్లున్న ఎత్తులోనే కొయ్యాలి. కొత్త చోట ఉలితో నాలుగు వైపులా చెక్కి చూశారు. కర్ర తప్ప ఏమీ తగల్లేదు. కానీ భుజం కన్నా ఎత్తులో రంపం పట్టకూడదు. పాత రైలు స్లీపరు చెక్కలు తెప్పించి, పేర్చి, మేకులకి బదులు మోకుతో బిగించి, కదలకుండా ఒక అరుగు కట్టారు. దాని మీంచి వెనక్కి దిగడానికి వాలుగా ఒక చెక్క వేశారు. ఎల్లారావు రెండుసార్లు ఎక్కి దిగి చూసుకున్నాడు. మూడోసారి ఎక్కి మిషను ముట్టించాడు.

అసలు భయం తాయారుకి అప్పుడు మొదలైంది.

ఇన్నేళ్ళూ అతను రంపం పట్టుకున్నప్పుడల్లా, ఎక్కడో చెట్టు లోపల ఒక మేకు ఉందని ఆమెకి ధైర్యం. ఆ ధైర్యంతోనే వంట చేసింది, నిద్రపోయింది. ఇవాళ ఆ మేకు ఊడిపోయింది. ఊడిపోయిన పూటలోనే అతను చెక్కల మీద నిలబడి, వేళ్ళు తెగిన చెట్టుని కోస్తున్నాడు. ఆమె స్తంభం చాటున కూలబడి చెవులు మూసుకుంది. మూసుకున్నా మిషను మోత ఎముకల్లోంచి వినపడింది. అమ్మా, కోపం వస్తే నా మీద చూపించు. నోరు నాది. అతనికి తెలియదు కదా.

మోత సన్నబడింది. ఎవరో "కదిలింది, కదిలింది" అన్నారు. మోకు కిర్రుమంది. తర్వాత ఒక పెద్ద నిట్టూర్పు లాంటి చప్పుడు, కాళ్ళ కింద నేల అదురు.

తాయారు కళ్ళు తెరవలేదు.

"లెగవే" అంది ఎర్నమ్మ. "దిగినాడు. బాగున్నాడు. పొట్టు దులుపుకుంతన్నాడు."

మోడు ఖాళీ స్థలంలో, మోకు లాగిన వైపే, చెప్పినట్టు పడుకుని ఉంది. అంగన్‌వాడీ రేకు ఒక్కటి కదల్లేదు. పిల్లల తల్లులు చప్పట్లు కొట్టారు. చెట్టు ఉన్నచోట మనిషి మెడ ఎత్తున మొండెం ఒక్కటీ మిగిలింది. దాని చుట్టూ సుద్ద గుర్తులు. ఎల్లారావు దాన్ని ఇక ముట్టనన్నాడు. వార్డు వాళ్ళు అడిగితే తనే వెళ్ళి చెప్తానన్నాడు. మరిడమ్మ రాయిని మళ్ళీ దాని కిందకి తెద్దామని పెద్దలు అప్పుడే మాటల్లో పడ్డారు.

సాయంత్రం వరండాలో ఎల్లారావు ఆకురాయి తీశాడు గానీ గొలుసు ముట్టలేదు.

"ఆ మేకు నా కోసమేనా?" అన్నాడు.

తాయారు బియ్యం కడుగుతూ ఉండిపోయింది.

"ఊరందరికాడ సెప్పినావు గదే. నాకు సెప్పవేటి?"

"మేకుందనే సెప్పినాను. ఎవులి కోసమో సెప్పలేదు."

ఆ మాట అనేశాక అందులో ఏముందో ఆమెకే తట్టింది. సగం చెప్తే సగమే ఊడుతుందా? అమ్మ ఆ లెక్క చూస్తుందా? ఎల్లారావు ఆకురాయి పక్కన పెట్టి లేచాడు.

మర్నాడు ఆమె ఎర్నమ్మని అదే అడిగింది.

"నాకేటి తెల్సు" అంది ముసలావిడ. "ఇంతవరకూ సగం సెప్పినదాయి ఎవుర్తీ లేదు. అమ్మనే అడుక్కో." కొంగు ముడి విప్పి ఒక కొత్త మేకు తీసి ఆమె చేతిలో పెట్టింది. "మంగళారం దాకా ఆగు. మళ్ళీ కొట్టుకో."

మంగళవారం మధ్యాహ్నం తాయారు తడి చీరతో మొండెం దగ్గరికి వెళ్ళింది. నుదురు ఆనించింది. మేకు చేతిలో చల్లగా ఉంది. ఎప్పటికైనా ఈ మొండేన్ని కూడా ఎవరో ఒకరు కోస్తారు. అతనికీ ఇంటి దగ్గర ఒక తాయారు ఉంటుంది. ఆమె మేకుని మళ్ళీ కొంగున కట్టుకుని, పసుపు రాసిన దారం తీసి, మొండెం చుట్టూ తిప్పి ముడివేసింది. దారం మేకంత గట్టిది కాదు. వానకి కుళ్ళిపోతుంది. కుళ్ళినప్పుడల్లా వచ్చి మళ్ళీ కట్టాలి. ఇది సరిపోతుందో లేదో అమ్మ చెప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి ఎల్లారావు ఇంకో పనికి బయల్దేరుతున్నాడు. మిషను రత్నరాజు బండి మీద పెట్టి, హెల్మెట్టు కోసం చెయ్యి చాచాడు. తాయారు ఇచ్చింది. ఎప్పుడూ పైకి నెట్టి వదిలేసే జాలీ ముసుగుని అతను ఒకసారి కిందికి దించి, బిగుతు సరిచూసుకున్నాడు. దానిలోంచే ఆమె వైపు చూశాడు. ఆమె తడి చీర, వేళ్ళకి అంటిన పసుపు చూశాడు.

"ఏటి?" అంది తాయారు.

"ఏటీ లేదు. అడగనులే" అని బండెక్కాడు.

ఆమె ఇసక బస్తా పక్కన, రోడ్డు కన్నా కిందనున్న గుమ్మంలో నిలబడి, బండి చప్పుడు సందు మలుపు తిరిగేదాకా విని, తర్వాత కూడా వింటూ ఉండిపోయింది.